14 మంది, మూడు కొటేషన్లు, ఒక మోకాలు: వనస్థలిపురం కాశీ యాత్ర కేసు

ఈ కేసు పోయిన నవంబర్‌ది. వనస్థలిపురంలో పొద్దున్నే పార్కులో వాకింగ్ చేసే బ్యాచ్ ఒకటుంది, మొత్తం 14 మంది, అందరికంటే చిన్నావిడకి 58, పెద్దాయనకి 76. కాశీ, గయ, ప్రయాగ, అయోధ్య ఒకే ట్రిప్‌లో చూసొద్దాం అనుకున్నారు. ఎవరో పార్కు గేటు దగ్గర ఒక టూర్ కంపెనీ పాంఫ్లెట్ పంచితే దాంతో మొదలైంది, తర్వాత వాట్సాప్ గ్రూపులోకి ఇంకో రెండు కొటేషన్లు వచ్చిపడ్డాయి, ఇక చూస్కోండి, సగం మంది తక్కువ రేటు వైపు, సగం మంది పేరున్న కంపెనీ వైపు, వారం రోజులు వాకింగ్ మానేసి మరీ వాదించుకున్నారట. అది తెగక నా దగ్గరికొచ్చారు.

నా గురించి రెండు ముక్కలు. 11 ఏళ్ళు టూర్ మేనేజర్‌గా చేసా, ఎక్కువగా ఉత్తరాది యాత్రలే. ఇప్పుడు టూర్లు అమ్మను. ఎవరైనా గ్రూపుగా పోవాలనుకుంటే ఏ కంపెనీ పట్టుకోవాలో చూసిపెడతా, వాళ్ళ దగ్గరే ఫీజు తీసుకుంటా, కంపెనీల దగ్గర మాత్రం పైసా ముట్టను. ముడితే ఎటు మొగ్గుతానో నాకు తెలుసు కాబట్టి.

మొదటి మీటింగ్ ఆ బ్యాచ్‌లో ఒక రిటైర్డ్ హెడ్మాస్టర్ గారింట్లో. నేను కొటేషన్లు ముట్టుకోలేదు, ముందు మీలో మెట్లెక్కడం కష్టమయ్యేవాళ్ళు ఎవరండీ అనడిగా. ఒక్కరూ చెయ్యెత్తలేదు. రోజూ మూడు కిలోమీటర్లు నడుస్తామమ్మా అని హెడ్మాస్టర్ గారే గర్వంగా చెప్పారు. సరే అని టీ తాగి బయల్దేరుతుంటే ఆయన భార్య గేటు దాకా సాగనంపడానికొచ్చింది. ఇంటి ముందు ఉన్నవి మూడే మెట్లు. ఆంటీ గోడ పట్టుకుని, పక్కకి తిరిగి, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి దిగింది. చదునుగా ఉన్న పార్కులో మూడు కిలోమీటర్లు నడవడం వేరు, ఘాట్ మెట్లు దిగి మళ్ళీ ఎక్కడం వేరు. నా డైరీలో ఆ రోజు రాసుకున్నది ఒక్క లైనే: ఈ టూర్ ఆంటీ మోకాలికి సరిపోవాలి. మిగతా 13 మంది ఎలాగైనా తిరిగొస్తారు.

ఇంకో సంగతి కూడా ఆ రోజే తేలింది. హెడ్మాస్టర్ గారు గయలో తల్లిదండ్రులకి పిండప్రదానం చెయ్యాలి, ఆయనతో పాటు ఇంకో నలుగురు. అంటే గయ ఉంటేనే టూరు, లేకపోతే లేదు. ఈ రెండూ తెలిసాక సగం పని అయిపోయినట్టే, కానీ మనవాళ్ళు ఈ రెండూ చెప్పకుండా "బెస్ట్ కంపెనీ ఏది" అనడుగుతారు, బెస్ట్ ఎవరికి?

డేట్ విషయంలో కొంచెం గొడవైంది. అందరికీ కార్తీకమాసంలోనే పోవాలని. కాశీలో కార్తీక పౌర్ణమికి దేవ్ దీపావళి చేస్తారు, ఘాట్లన్నీ దీపాలు, చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు, నిజమే, కానీ ఆ నాలుగు రోజులూ హోటల్ రేట్లు ఎక్కడికో పోతాయి, దశాశ్వమేధ ఘాట్ దగ్గర కాలు పెట్టే సందుండదు. ఆంటీ మోకాలితో అది నా వల్ల కాదని చెప్పేసా. పోనీ సంక్రాంతి ముందు పోదాం అన్నారు, అప్పుడు పొగమంచు, యూపీలో రైళ్ళూ విమానాలూ గంటల కొద్దీ లేటు. మధ్యలో మార్గశిరం మొదట్లో, నవంబర్ ఆఖరి వారానికి ఒప్పించా.

కొటేషన్లలోకి పోయేముందు ఒక మాట. రైల్లో పోదామని ఇద్దరు ముగ్గురు గట్టిగానే పట్టుబట్టారు, అంటే ఐఆర్‌సీటీసీ వాళ్ళ భారత్ గౌరవ్ రైలు. 2023 మార్చి 18న సికింద్రాబాద్ నుంచి పూరీ, కాశీ, అయోధ్య వైపు పుణ్యక్షేత్ర యాత్ర పేరుతో మొదటిది బయల్దేరింది, తర్వాత చాలా ట్రిప్పులు వేశారు. రైలు, గది, తిండి, బస్సు అన్నీ కలిపే ఇస్తారు, డబ్బులకి భయం లేదు, సెక్యూరిటీ ఉంటుంది, ఒంట్లో ఓపికున్నవాళ్ళకి నేనే చెప్తుంటా. కానీ డేట్లు వాళ్ళవి, మనవి కావు, పైగా రైల్లోనే చాలా రాత్రులు పడుకోవాలి, వందల మందితో కలిసి తిరగాలి. మన నవంబర్ చివరి వారానికి కుదరలేదు కాబట్టి పక్కన పెట్టాం.

ఇక మూడు కొటేషన్లు. పేర్లు రాయను, మొదటిది, రెండోది, మూడోది అనుకోండి.

మొదటిది దేశమంతా ఆఫీసులున్న పెద్ద కంపెనీ. మనిషికి 46,500, ఫ్లైట్‌తో, ఏడు రోజులు. రెండోది హైదరాబాద్‌లోనే చాలా ఏళ్ళుగా తెలుగువాళ్ళని యాత్రలకి తీసుకెళ్ళే కంపెనీ, వంటవాళ్ళు కూడా వెంట వస్తారు, 38,000, ఇదీ ఫ్లైట్‌తోనే. మూడోది ఒక కుర్రాడు ఒక్కడే వాట్సాప్‌లో నడిపేది, 29,900, రైల్లో థర్డ్ ఏసీ. దానాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో మొగల్‌సరాయ్ దాకా, అదే ఇప్పటి దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్, అక్కణ్ణుంచి బండిలో కాశీ.

బ్యాచ్‌లో గొడవంతా ఈ మూడంకెల మీదే. 46 ఎక్కడ, 29 ఎక్కడ అని. ఈ అంకెలు ఒకదాని పక్కన ఒకటి పెట్టి పోల్చడమంటే కిలో కందిపప్పునీ తట్టెడు కందికాయల్నీ పోల్చడం లాంటిది, ఒలిస్తే గానీ ఎంతొస్తుందో తెలీదు. కూర్చుని ఒలిచా. మూడోదానికి జీఎస్టీ కలపలేదు, టూర్ ప్యాకేజీ మీద 5 శాతం, అంటే 1,495. మధ్యాహ్నం భోజనాలు మనవే, ఏడింటికి 1,750. గయ "ఆప్షనల్", 2,800. పడవలూ ఈ-రిక్షాలూ 1,200, టిప్పులు 1,000. మొత్తం 38,145. రెండోదాంట్లో జీఎస్టీ, మూడు పూటల తిండి, గయ, పడవ అన్నీ లోపలే, రిక్షాలకీ టిప్పులకీ 1,200 వేసుకున్నా 39,200. మొదటిదాంట్లో జీఎస్టీ 2,325, లంచ్‌లు 1,750, రోజుకి 250 చొప్పున టిప్ కంపల్సరీ అని చిన్నక్షరాల్లో ఉంది, అదింకో 1,750, కలిపితే 52,325, ఇంతా చేస్తే గయ లేనే లేదు.

ఈ లెక్క చూపించేసరికి తక్కువ రేటు పార్టీ నాయకుడు, కరెంట్ డిపార్ట్‌మెంట్‌లో రిటైర్ అయినాయన, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. 29,900కీ 38,000కీ తేడా ఎనిమిది వేలనుకున్నాడు, తీరా చూస్తే 1,055. ఆ వెయ్యి కోసం రాత్రంతా రైల్లో మిడిల్ బెర్త్ ఎక్కాలి. ఆంటీ ఎక్కలేదు కదా. ఆయనకింకేం చెప్పక్కర్లేకపోయింది.

అయినా మూడోవాణ్ణి రేటు చూసి కొట్టెయ్యలేదు, ఒంటరిగా నడిపేవాళ్ళలో బంగారం లాంటి వాళ్ళుంటారు, నాకే ఇద్దరు తెలుసు. అతన్ని జీఎస్టీ నంబర్ పంపమన్నా. పంపాడు. ఆ 15 అక్షరాల నంబర్ చదవడం వస్తే చాలా సంగతులు తెలుస్తాయి. మొదటి రెండంకెలు రాష్ట్రం, 36 అంటే తెలంగాణ, 37 అంటే ఆంధ్రప్రదేశ్. తర్వాత పదీ పాన్ నంబర్. నంబర్‌లో ఆరో అక్షరం పి ఉంటే అది ఒక మనిషి పేరు మీద ఉన్నది, ఎఫ్ అయితే పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్, సి అయితే కంపెనీ. అతని పాంఫ్లెట్ మీద "ప్రైవేట్ లిమిటెడ్" అనుంది, నంబర్‌లో చూస్తే పి. ఇది ఒకటి. జీఎస్టీ వెబ్‌సైట్‌లో ఆ నంబర్ కొడితే పేరు, ఎప్పుడు రిజిస్టర్ అయింది, ఇప్పుడు నడుస్తోందా లేదా అన్నీ వస్తాయి, లాగిన్ కూడా అక్కర్లేదు. కొట్టా. స్టేటస్ దగ్గర క్యాన్సిల్డ్ అనుంది. అడ్వాన్స్ ఎక్కడికి పంపాలి అంటే గూగుల్ పే నంబర్ ఇచ్చాడు, చూస్తే ఎవరో ఆడమనిషి పేరొస్తోంది, మా వదిన అకౌంట్ మేడం అన్నాడు. అతను మోసగాడని నేననను, రేపు ఏదైనా తేడా వస్తే ఎవరి మీద కంప్లైంట్ ఇవ్వాలో తెలీని చోట 14 మంది డబ్బు పెట్టించలేను, అంతే.

మొదటిది గయ లేనందుకే పక్కకి పోయింది. అడిగితే ఏర్పాటు చేస్తామన్నారు గానీ ఆ చేసే తీరు చూడండి, కాశీ నుంచి పొద్దున నాలుక్కి బయల్దేరి గయ వెళ్ళి రాత్రికి కాశీ రావాలట. కాశీ నుంచి గయకి దాదాపు 250 కిలోమీటర్లు, పోనూ రానూ 500, మధ్యలో విష్ణుపాదం దగ్గర పిండప్రదానం, ఫల్గు నదికి వెళ్ళడం, అక్షయవటం. డెబ్బై ఏళ్ళవాళ్ళతో. ఆ ప్లాన్ గీసినవాళ్ళు మ్యాప్ చూసి గీసారు, రోడ్డు చూసి కాదు.

మిగిలింది రెండోది. మిగిలింది కదా అని ఓకే అనడం నా పద్ధతి కాదు. ఇక్కడ కొంచెం లోపలి సంగతులు చెప్తా, చాలామందికి తెలీనివి.

ఐటినరీలో, అంటే ఏ రోజు ఎక్కడ అని కంపెనీ ఇచ్చే ప్లాన్ కాగితంలో, రెండు మాటలు ఎక్కడ కనపడ్డా నేను పెన్సిల్‌తో గుండ్రం చుడతా. ఒకటి "ఆర్ సిమిలర్". త్రీ స్టార్ ఆర్ సిమిలర్ అంటే ఏ హోటల్ దొరికితే అది. కాశీలో హోటల్ ఎక్కడుందన్నదే అసలు విషయం, కంటోన్మెంట్ వైపు గదులు బాగుంటాయి, లిఫ్ట్ ఉంటుంది, కానీ గుడికి దూరం, గొదౌలియా దగ్గర ట్రాఫిక్‌లో పోయొచ్చేసరికి పూట అయిపోతుంది. గల్లీల్లో ఉంటే గుడికి దగ్గర, కానీ బండి గుమ్మం దాకా రాదు, సామాను మోసుకోవాలి, లిఫ్ట్ ఉంటే అదృష్టం. పాండే హవేలీ ప్రాంతంలో తెలుగు ఆశ్రమాలూ, సత్రాలూ ఉన్నాయి కాబట్టి మనవాళ్ళు ఎక్కువ అటే ఉంటారు. నేను కంపెనీని హోటల్ పేరు కాదు అడిగేది, పోయిన బ్యాచ్‌ని ఏ హోటల్‌లో పెట్టారు, ఆ బిల్లు ఫోటో పంపండి అంటా. రెండోవాళ్ళు పది నిమిషాల్లో పంపారు. అది నాకు నచ్చింది.

రెండోమాట "షాపింగ్ అసిస్టెన్స్", లేదా "సిల్క్ వీవింగ్ సెంటర్ విజిట్". దాని అర్థం చీరల షాపులో రెండు గంటలు. అక్కడ బ్యాచ్ కొన్నదాంట్లో టూర్ మేనేజర్‌కి, డ్రైవర్‌కి వాటా ఉంటుంది. నేనూ తీసుకున్నా, దాచుకోవడానికేముంది, జీతం అంతంతమాత్రం, ఆ వాటా మీదే పిల్లల ఫీజులు కట్టినవాళ్ళున్నారు. అందుకే మేనేజర్‌ని తిట్టను, ఆ రెండు గంటలు తీసేసి రెస్ట్ అని రాయించుకుంటా. కొనాలనుకున్నవాళ్ళు ఆటో ఎక్కి వెళ్ళి కొనుక్కుంటారు.

ఇంకా పెద్ద సంగతి, గ్రూప్ టూర్‌లో కంపెనీ అంటే టూర్ మేనేజరే. ఆఫీసులో ఏసీ ఎంత చల్లగా ఉన్నా కాశీ గల్లీలో మీ పక్కనుండేది ఆ ఒక్క మనిషి. రివ్యూలు చదివేటప్పుడు కూడా నేను ఐదు చుక్కలవి చదవను, రెండు, మూడు చుక్కలవి చదువుతా, వాటిల్లో మేనేజర్ పేరుంటుంది, ఏ పేరు మళ్ళీ మళ్ళీ వస్తోందో చూస్తా. అందుకే బుకింగ్‌కి ముందే మేనేజర్‌తో మాట్లాడతా, కౌంటర్‌లో అమ్మాయితో కాదు. రెండో కంపెనీ మేనేజర్‌కి ఫోన్ చేసి, బాబూ మా వాళ్ళలో ఒకావిడకి మోకాలు నొప్పి, విశ్వనాథుడి దర్శనానికి ఎలా తీసుకెళ్తావ్ అనడిగా. పెద్ద కంపెనీలో ఇదే ప్రశ్నకి "నడవగలిగేంత దూరమే మేడం" అన్నారు. ఇతను మాత్రం లలితా ఘాట్ వైపు నుంచి వద్దండీ, అటు మెట్లెక్కువ, నాలుగో నంబర్ గేటు వైపు తీసుకెళ్తా, వీల్‌చైర్ సంగతి ముందురోజే మాట్లాడి పెడతా, ఫోన్లూ బ్యాగులూ హోటల్‌లోనే పెట్టించి బయల్దేరతా, లాకర్ దగ్గర నిలబడక్కర్లేదు అన్నాడు. తర్వాత అతనే, ఆవిడ పొద్దున ఏ టైంకి మందులేసుకుంటారండీ అనడిగాడు. నేనింక వేరే కంపెనీ చూడలేదు.

ప్లాన్‌లో రెండు మార్పులు చేయించా. గయలో ఒక రాత్రి వాళ్ళ ప్లాన్‌లోనే ఉంది, మంచిదే, అక్కడ తెలుగు పురోహితుడికి దక్షిణ ఎంతో ముందే మాట్లాడి కాగితం మీద రాయించా, ఎందుకంటే విష్ణుపాదం దగ్గర పిండాలు చేతిలో పెట్టుకుని బేరం ఆడలేం కదా. రెండోది, అయోధ్య అయ్యాక మళ్ళీ కాశీ వచ్చి ఫ్లైట్ ఎక్కించాలనుకున్నారు, 200 కిలోమీటర్లు వెనక్కి. లక్నో అయితే 135, అక్కణ్ణుంచీ హైదరాబాద్‌కి డైరెక్ట్ ఉంది. రేటు మార్చకుండానే మార్చారు. అయోధ్యలో దర్శనం పాసులు ట్రస్ట్ వాళ్ళు వెబ్‌సైట్‌లో ఫ్రీగానే ఇస్తారు, దానికి ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వొద్దని బ్యాచ్ మొత్తానికీ చెప్పి పెట్టా.

డబ్బులు మూడు ముక్కలుగా, అన్నీ కంపెనీ కరెంట్ అకౌంట్‌కే. 25 శాతం అడ్వాన్స్, ఫ్లైట్ పీఎన్ఆర్ చేతికొచ్చాక 50, బయల్దేరే వారం ముందు మిగతాది. పది మంది దాటితే ఎయిర్‌లైన్స్ గ్రూప్ బుకింగ్‌గా తీసుకుంటాయి, పేర్లు తర్వాత ఇవ్వొచ్చు, అందుకని కొన్ని కంపెనీలు టికెట్ బుక్ చేసేసామని నోటిమాటగా చెప్పి డబ్బంతా లాగేస్తాయి. పీఎన్ఆర్ చూడకుండా 50 ఇవ్వనని ముందే చెప్పా, కొంచెం మొహం ముడుచుకున్నారు గానీ ఒప్పుకున్నారు.

ఇక్కడిదాకా చదివి నేనేదో తోపునని అనుకోకండి, అసలు తప్పు నేనే చేసా.

మన బ్యాచ్ 14 మందే కదా, వేరేవాళ్ళని కలపరు కదా అనడిగా, లేదు మేడం అన్నారు, అది ఫోన్‌లో. వోచర్ మీద, అంటే కంపెనీ ఇచ్చిన బుకింగ్ కాగితం మీద, "గ్రూప్ డిపార్చర్" అని మాత్రమే ఉంది, అంటే వేరేవాళ్ళని కలిపినా అడగలేం. ఆ రెండు మాటలు నేను చూసీ వదిలేసా, ఎందుకో ఇప్పటికీ అర్థం కాదు, బహుశా ఆ మేనేజర్ మీద నమ్మకంతో. కాశీలో దిగాక తెలిసింది, వేరే కాలనీ నుంచి ఇంకో 17 మందిని కలిపారు. మొత్తం 31. రెండు టెంపో ట్రావెలర్ల బదులు ఒకటే 35 సీట్ల బస్సు. ఆ బస్సు పాండే హవేలీ గల్లీల్లోకి వస్తదా? ఎక్కడో మెయిన్ రోడ్డు మీద ఆపేసారు.

సాయంత్రం ఆరున్నరకి హెడ్మాస్టర్ గారి ఫోన్. వెనకాల హారన్లు, ఎవరో బోల్ బం అంటున్నారు. "అమ్మా, మీ ఆంటీ డివైడర్ మీద కూర్చుంది, లేవనంటోంది" అన్నారు. కోపం లేదు ఆ గొంతులో, అదే నాకు ఎక్కువ బాధేసింది. మేనేజర్ అప్పటికే ఈ-రిక్షాలు పిలుస్తున్నాడు, 31 మందికి అతనొక్కడే, ఏం చేస్తాడు పాపం. నేను ఆఫీసుకి ఫోన్ చేసి అరిచిన అరుపులు మా పక్కింటివాళ్ళు విన్నారు. ఆ రాత్రి తేలిందేంటంటే, అక్కణ్ణుంచి మన 14 మందికి హోటల్‌కీ బస్సుకీ మధ్య ఈ-రిక్షాలు కంపెనీ ఖర్చు మీద, ఇంకో హెల్పర్ కుర్రాడు కాశీలోనే జతకలుస్తాడు, డబ్బు లెక్క ట్రిప్ నుంచి తిరిగొచ్చాక చూద్దాం. కుర్రాడు మంచోడు దొరికాడు, నాలుగు రోజులు ఆంటీ చెయ్యి వదల్లేదట.

మిగతా ట్రిప్ బాగానే జరిగింది. గయలో పిండప్రదానం మూడు గంటల్లో ప్రశాంతంగా అయింది, ప్రయాగలో ఆడవాళ్ళు జడ కొస సంగమంలో వదిలే వేణీదానం చేసుకున్నారు, వంటవాడి చింతపండు చారు గురించి ఇప్పటికీ మాట్లాడుకుంటున్నారు.

వచ్చాక రీఫండ్ పని. రెండు బళ్ళకి కోట్ చేసి ఒక్కటే పెట్టారు కాబట్టి మనిషికి 1,500, మొత్తం 21,000 వెనక్కివ్వమని ఈమెయిల్ పెట్టా, ఐటినరీ కాపీ, బస్సు ఫోటో, ఆ రోజు కాల్ టైములు అన్నీ జతచేసి. పది రోజులు ఉలుకూ పలుకూ లేదు. రెండో మెయిల్‌లో బెదిరింపులేం లేవు, 1915 కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌లో రిజిస్టర్ చేస్తున్నామని, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మేం ఉండే చోటే, అంటే రంగారెడ్డి జిల్లా కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చని, ఒక్కొక్కరు కట్టింది 5 లక్షల లోపే కాబట్టి విడివిడిగా వేస్తే ఫీజు కూడా లేదని మాత్రం రాసా. నాలుగో రోజు వాళ్ళ ఓనర్ ఫోన్ చేశాడు, నెల తిరిగేలోపు డబ్బు పడింది. నా ఫీజులో సగం నేనూ వెనక్కిచ్చా, వద్దన్నారు, బలవంతంగా ఇచ్చా.

అప్పట్నుంచి నా ఫారంలో కొత్తగా మూడు గళ్ళు పెట్టా, కంపెనీ సంతకం కింద వాళ్ళ చేత్తోనే నింపాలి: బండిలో మొత్తం ఎంతమంది, ఎన్ని సీట్ల బండి, ఎంతమందికి ఒక మేనేజర్. ఫోన్‌లో చెప్తాం మేడం అంటే ఆ కొటేషన్ అక్కడే ఆగిపోతుంది.

పోయిన వారం అదే బ్యాచ్ మళ్ళీ ఫోన్ చేసింది, ఈసారి కేదార్‌నాథ్, బదరీ. గౌరీకుండ్ నుంచి కేదార్‌నాథ్‌కి 16 కిలోమీటర్ల ఎక్కుడు, ఆ పైన ఎత్తు 3,583 మీటర్లు, గాలి పలచగా ఉంటుంది. ఒక కంపెనీ షీట్‌లో "హెలికాప్టర్ టికెట్ గ్యారంటీ" అని పెద్దక్షరాల్లో ఉంది. ఆ టికెట్లు ఐఆర్‌సీటీసీ హెలీయాత్ర వెబ్‌సైట్‌లో, యాత్ర రిజిస్ట్రేషన్ అయ్యాక, ఖాళీ ఉంటే బుక్ అవుతాయి, వాతావరణం బాగోకపోతే ఎగరవు కూడా, దానికి గ్యారంటీ ఇవ్వడానికి ఈయనెవరు? ఆ షీట్ పక్కన పెట్టేసా. హెడ్మాస్టర్ గారికి ఫోన్ చేసి, ఆంటీని ముందు ఆర్థో డాక్టర్‌కి చూపించి ఆ కాగితం పంపండి, కంపెనీల సంగతి ఆ తర్వాత మాట్లాడదాం అన్నా. పక్కనుంచి ఆంటీ గొంతు, "నాకేం కాదు, డోలీ ఎక్కుతానని చెప్పండి".